అతుకు దగ్గర పుట్టిన అలంకారం

సైకిల్ ఫ్రేములో అలంకారానికి ఉన్న చోటు చాలా తక్కువ. కారుకు వెడల్పాటి రేకు ఉంటుంది, మోటారు సైకిలుకు ట్యాంకు ఉంటుంది. సైకిలుకు ఉన్నదల్లా అంగుళం, అంగుళం పైచిలుకు లావుండే గొట్టాలు, అవి కలిసే నాలుగైదు అతుకులు. ఆ కాస్త జాగాలోనే లండన్, మిలాన్, పారిస్, ఒసాకా పనివాళ్లు దాదాపు నూరేళ్లుగా తమ నేర్పంతా చూపిస్తూ వచ్చారు. చేతితో చేసిన ఫ్రేముల్లో అలంకారం ఎక్కువగా అతుకుల చుట్టూనే పోగుపడటానికి కారణం సౌందర్య దృష్టి ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఉక్కు గొట్టాన్ని ఉక్కు గొట్టానికి అతకడంలో ఉన్న ఇబ్బందులే ఆ అలంకారానికి రూపం ఇచ్చాయి.

ఆదివారం తెల్లవారుజామున బెంగళూరు కబ్బన్ పార్కు పక్కనో, చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదో గుంపులుగా సాగే సైకిళ్లలో ఎక్కువ భాగం కార్బన్‌వి, అల్యూమినియంవి. వాటి నడుమ ఎప్పుడో ఒక సన్నటి ఉక్కు ఫ్రేము కనిపిస్తుంది. గొట్టాలు కలిసేచోట ఆకు మొనలా సాగిన అంచులు, వాటి వెంట వెంట్రుకంత సన్నటి బంగారు గీత. ఈ రెండు నగరాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటూ సైకిలు పట్టిన తెలుగువాళ్లలోనూ ఇలాంటి ఫ్రేము చేయించుకోవాలన్న ఆశ ఉన్నవాళ్లు కనిపిస్తారు. వాళ్లకు తోటివాళ్ల నుంచి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: ఆ నగిషీ వల్ల బండి వేగం పెరుగుతుందా? పెరగదు. మరి ఆ డబ్బు దేనికన్నది తెలియాలంటే అతుకు ఎలా పడుతుందో తెలియాలి.

లగ్గు చేసే పని

మంచి ఉక్కు గొట్టం గోడ అంతటా ఒకే మందంలో ఉండదు. చివరల్లో 0.8 లేదా 0.9 మిల్లీమీటర్లు, నడుమ 0.5 లేదా 0.6 మిల్లీమీటర్లు ఉంటుంది. అతుకు దగ్గర వేడి, ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ మందం, మిగతాచోట బరువు తగ్గించడానికి పలచన. బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ సంస్థ ఈ పద్ధతికి 1897లోనే పేటెంటు తీసుకుంది. 1935లో అదే సంస్థ తెచ్చిన 531 అనే మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు ఆ తరవాతి నాలుగైదు దశాబ్దాల పందెపు సైకిళ్లకు ఆధారమైంది.

ఇంత పలచటి గొట్టాన్ని కరిగించి అతకడం పాతకాలపు పరికరాలతో కష్టం. ఉక్కు కరగాలంటే దాదాపు 1,500 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఆ వేడికి గొట్టం బలం పోతుంది, కొంచెం ఏమరితే బొక్క పడుతుంది. అందుకే గొట్టాలు కలిసేచోట ఒక లోహపు తొడుగు వేసి, తొడుగుకీ గొట్టానికీ నడుమ ఉన్న సందులోకి ఇత్తడినో వెండి మిశ్రమాన్నో కరిగించి పారించే పద్ధతి స్థిరపడింది. ఆ తొడుగే లగ్గు. ఇత్తడి దాదాపు 900 డిగ్రీల దగ్గర పారుతుంది. వెండి పాలు 56 శాతం ఉన్న మిశ్రమం 650 డిగ్రీల దగ్గరే పారిపోతుంది. ఉక్కు ఎక్కడా కరగదు, కాబట్టి దాని స్వభావం పెద్దగా చెడదు.

ఇక్కడే మరో సమస్య తలెత్తింది. మందంగా ఉన్న లగ్గు గొట్టం చుట్టూ తిన్నగా గీత గీసినట్టు ఆగిపోతే, బండి గతుకుల్లో పడ్డప్పుడు ఒత్తిడంతా ఆ గీత దగ్గరే పోగవుతుంది. గొట్టం పగిలేది కూడా అక్కడే. లగ్గు అంచును మొనలాగా సాగదీస్తే ఆ మార్పు ఒక్కచోట కాకుండా గొట్టం పొడవునా కొద్దికొద్దిగా జరుగుతుంది. లగ్గు మొన పుట్టింది ఈ అవసరం నుంచి. లగ్గు పక్కన కోసే కిటికీ కూడా మొదట్లో అవసరమే. కరిగిన లోహం తొడుగు లోపల అంతా పాకిందా లేదా అన్నది ఆ రంధ్రం అంచున కనిపిస్తుంది. ఒక పక్క నుంచి పోసిన వెండి కిటికీ అంచు దగ్గర మెరిస్తే లోపల నిండినట్టే.

మొన ఉండాలని తేలాక అది ఈటె మొనలా ఉండాలా, ఆకులా ఉండాలా, కిటికీ గుండ్రంగా ఉండాలా, హృదయాకారంలో ఉండాలా అన్నది పనివాడి ఇష్టం. ఇంజినీరింగు తలుపు తీసి పెట్టింది, కళ లోపలికి వచ్చింది. అయితే ఒక హద్దు చెప్పుకోవాలి. మొన కొంతమేర సాగితే మేలు. ఆపైన సాగే తీగలూ మెలికలూ ఫ్రేముకు బలం ఇవ్వవు, ఆయుష్షు పెంచవు. అలా పెంచుతాయని చెప్పే అమ్మకపు మాటలను నమ్మనక్కర్లేదు.

బల్ల మీద ఒక లగ్గు

పని దగ్గర నుంచి చూస్తే ఇందులో కమ్మరి పని కన్నా కంసాలి పనే ఎక్కువ. పోత పోసిన లగ్గు చేతికి వచ్చేసరికి మందంగా, మొద్దుగా ఉంటుంది. దానికి నీలిరంగు పూత పూసి, మీద సూదిమొనతో గీత గీస్తారు. తీసెయ్యాల్సిన భాగంలో చిన్న రంధ్రం వేసి, నగల పనిలో వాడే సన్నటి రంపపు బ్లేడు దూర్చి కోస్తారు. మిగతాదంతా ఆకురాయి పని. మొదట గరుకుది, తరవాత మెత్తటిది, చివరకు సూదుల్లాంటి చిన్న ఆకురాళ్లు. కిటికీ లోపలి మూలలే అసలు పరీక్ష. గుండ్రటి ఆకురాయితో వంపు తేలిగ్గా వస్తుంది, పదునైన లోపలి మూల రాదు. హృదయాకారపు కిటికీలో పైన రెండు వంపులు కలిసే మొన, కింద కొస సరిగ్గా తేలాయా లేక అలుక్కుపోయాయా అని చూస్తే ఆ చేతి ఓపిక తెలిసిపోతుంది.

తరవాత అంచు సన్నబరచాలి. లగ్గు గోడ మధ్యలో మందంగా ఉండి అంచుకు వచ్చేసరికి పలచబడాలి. ఆ పలచదనం చుట్టూ ఒకేలా ఉండాలి. ఫ్రేమును పక్క నుంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచు వెంట పడే నీడ ఒకే మందంలో సాగాలి. ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా నీడ పడితే అక్కడ తొందరపడ్డారని అర్థం.

అతికేముందు గొట్టం మీదా లగ్గు లోపలా ఫ్లక్సు పూస్తారు. ఇత్తడి అతుకుకు వాడే ఫ్లక్సులో ముఖ్యమైనది వెలిగారం, మన కంసాలులు టంకం వేసేటప్పుడు వాడేదే. వేడికి లోహం మీద తుప్పు పొర కట్టకుండా అది కాపాడుతుంది. వెండి అతుకుకైతే ఫ్లోరైడు కలిసిన మరో రకం ముద్ద ఉంటుంది. గ్యాస్ మంట పెట్టాక ముద్ద పొంగి, తెల్లబడి, ఆ తరవాత నీళ్లలా పలచబడి గాజులా మెరుస్తుంది. వెండి కడ్డీ తాకించాల్సిన క్షణం అదే. కరిగిన వెండి మంట ఎటుంటే అటు పరుగెత్తుతుంది. మంటను లగ్గు మొన వైపు నడిపిస్తే వెండి వెంటబడి వస్తుంది. తొడుగుకీ గొట్టానికీ నడుమ సందు ఒక మిల్లీమీటరులో పదో వంతు ఉంటే చాలు, సన్నటి సందులోకి ద్రవం తనంతట తానే పాకే కేశనాళిక చర్య మిగతా పని చూసుకుంటుంది. మంట ఎక్కువైతే ఫ్లక్సు నల్లబడుతుంది, ఇక వెండి అక్కడికి రానే రాదు.

అన్నీ కుదిరితే లగ్గు అంచు చుట్టూ తెగని సన్నటి వెండి గీత ఒకటి నిలుస్తుంది. పాశ్చాత్య పనివాళ్లు దాన్ని తీరరేఖ అంటారు. ఫ్రేము చూడగానే వాళ్లు మొదట వెతికేది దాన్నే. ఎక్కడైనా తెగితే వెండి అక్కడికి చేరలేదన్నమాట. అంచు దాటి గొట్టం మీదికి కారితే ఆ కారినదాన్ని ఆకురాయితో తీయాలి, తీసేటప్పుడు 0.8 మిల్లీమీటర్ల గొట్టంలోకి ఆకురాయి దిగకూడదు. అలా దిగిన గీత రంగు కింద దాగుతుంది గానీ పగులుకు అది మొదటి మెట్టవుతుంది. అందుకే నేర్పరులు కారాక తీయడం కన్నా కారకుండా పోయడం మీదే శ్రద్ధ పెడతారు.

అలంకారం అన్నీ చెప్పదన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. లగ్గు లోపల గొట్టం చివరను ఎదుటి గొట్టం వంపుకు సరిపోయేలా కోయాలి. ఆ కోత సరిగా లేకపోయినా పైనున్న తొడుగు దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. బయట ఆకులూ తీగలూ అద్భుతంగా చెక్కి, లోపల కోతలో సందు వదిలేసిన ఫ్రేమును కొన్నవాడు బయట నుంచి చూసి పసిగట్టలేడు.

పేరు చెప్పని పత్రికా ఫొటోలు

అలంకారం ఇంగ్లండులో విపరీతానికి పోయిన కాలం 1930లు, ఆ తరవాతి రెండు దశాబ్దాలు. ఉత్తర లండన్ టాటెన్‌హామ్‌లో రష్యా నుంచి వలస వచ్చిన హైమన్ హెచిన్, ఫ్రేములు కట్టే జాక్ డెన్నీ కలిసి నడిపిన హెచిన్స్ అంగడి ఇందులో పేరు మోసింది. 1930ల మధ్యలో వాళ్లు వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీలను తిన్నగా కాకుండా వంపు తిప్పి చేశారు. లగ్గులను లేసు అల్లికలా కోశారు. 1950 ప్రాంతంలో వచ్చిన మాగ్నమ్ ఓపస్ రకంలో లగ్గు మొనలు తీగల్లా గొట్టం మీదికి పాకిపోతాయి.

వంపు కడ్డీలు రోడ్డు అదురును మింగేస్తాయని అప్పట్లో ప్రచారం చేశారు. వెనక భాగం త్రికోణం కాబట్టి నిలువు దిశలో అది ఎలాగూ బిర్రుగా ఉంటుంది, కడ్డీకి కొద్దిపాటి వంపు ఇచ్చినంత మాత్రాన అందులో పెద్ద మార్పు రాదు. సైకిల్ చరిత్ర రాసేవాళ్లు తరచూ చెప్పే కారణం వేరే ఉంది. ఆనాటి బ్రిటిష్ అమెచ్యూర్ పోటీల్లో ప్రకటనల మీద కట్టుబాట్లు కఠినంగా ఉండేవి, పత్రికల్లో పడే ఫొటోల్లో బండి చేసినవాడి పేరు కనపడకూడదు. పేరు రాయలేనప్పుడు బండి ఆకారమే పేరు కావాలి. బ్రాడ్‌ఫోర్డుకు చెందిన బెయిన్స్ సంస్థ సీటు కింది గొట్టాన్ని నిట్టనిలువుగా నిలబెట్టి చేసిన బండికి జనం ఎగిరే గేటు అని పేరు పెట్టారు. లండన్‌లో బేట్స్ సంస్థ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు వింత వంపు ఇచ్చింది. నలుపు తెలుపు ఫొటోలో, దుమ్ములో, వేగంలో కూడా ఇవి ఎవరి బండ్లో గుర్తుపట్టవచ్చు. కట్టుబాటు నోరు నొక్కితే చేతులు మాట్లాడాయి.

ఇటలీ వాళ్ల దారి వేరు. కొల్నాగో అనే సైకిళ్ల సంస్థ 1954లో మొదలైంది, డే రోసా సంస్థ 1953లో. వీళ్ల లగ్గులు పొట్టిగా, పొదుపుగా ఉంటాయి. అలంకారం కావాలంటే మొనలు సాగదీయరు, గుర్తును లోహంలోకి చెక్కుతారు. కొల్నాగోకు మూడు రెబ్బల క్లోవర్ ఆకు, డే రోసాకు హృదయం. ఫోర్కు తల మీద, వెనక కడ్డీల పైకొసల మీద, 1970లలో అయితే బ్రేకు పిడికీ పళ్లచక్రానికీ కూడా యంత్రంతో ఆ గుర్తును తవ్వి రంగు నింపేవారు. బరువు తగ్గించే పేరుతో తవ్వడం, తవ్విన చోటే సంతకం చేయడం రెండూ ఒకేసారి జరిగిపోయాయి. బెల్జియం పందెగాడు ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో నగరంలో గంటకు 49.431 కిలోమీటర్ల రికార్డు పెట్టిన కొల్నాగో బండి ఆ తవ్వకపు పిచ్చికి పరాకాష్ఠ.

ఫ్రెంచివాళ్లు, ముఖ్యంగా రెనే హెర్స్, అలెక్స్ సింగర్ అంగళ్లు, అలంకారం జోలికి పోకుండానే అందం సాధించాయి. మడ్‌గార్డు, దీపం, సామాను పెట్టే ర్యాకు అన్నీ ఫ్రేముతో పాటే ఒకే చేతి మీద తయారయ్యేవి. దీపానికి పోయే తీగ ఎక్కడా బయట కనపడదు. మడ్‌గార్డుకీ టైరుకీ నడుమ సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా సమానంగా ఉంటుంది. చెక్కిన పువ్వు కన్నా ఈ సమానపు సందు సాధించడం కష్టమని చేసినవాళ్లకే తెలుస్తుంది. జపాన్ సంగతి చెప్పాలంటే, 1948లో మొదలైన కేరిన్ అనే ట్రాక్ సైకిలు పందాల్లో, సంప్రదాయ పురుషుల పోటీలకు నిబంధనల ప్రకారం ఉక్కు ఫ్రేములే వాడాలి. ఆ కట్టుబాటే అక్కడి చేతిపనిని బతికించింది. ఇటలీలో పని నేర్చుకుని వెళ్లిన యోషియాకి నగసావా ఫ్రేముల మీదే కోయిచి నకానో 1977 నుంచి 1986 దాకా వరసగా పదిసార్లు ప్రపంచ స్ప్రింటు విజేత అయ్యాడు.

మైనపు పోత, రెండు రకాలు

నేడు చేతితో ఫ్రేము కట్టేవాళ్లలో ఎక్కువమంది వాడే లగ్గులు మైనపు పోతవి. మైనంతో రూపం చేసి, దాని చుట్టూ పింగాణీ పెంకు కట్టించి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో ఉక్కు పోస్తారు. మూలసూత్రం చోళుల కాలపు కంచు విగ్రహాలదే. చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న నటరాజులూ పార్వతులూ ఈ పద్ధతిలో పుట్టినవే. కుంభకోణం పక్కన స్వామిమలైలో స్థపతులు కావేరి ఒండ్రుమట్టితో అచ్చు కట్టి నేటికీ ఇలాగే పోస్తున్నారు.

తేడా మైనం దగ్గరే ఉంది. స్థపతి ప్రతి విగ్రహానికీ మైనపు బొమ్మను చేత్తో మలుస్తాడు, పోత పోశాక అచ్చు పగలగొడతాడు. అందుకే ఏ రెండు విగ్రహాలూ ఒకటి కావు. లగ్గుల కర్మాగారంలో మైనాన్ని లోహపు అచ్చులోకి యంత్రం ఒత్తుతుంది, వేల లగ్గులు అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తాయి. దీనివల్ల కొలతల కచ్చితత్వం బాగా పెరిగింది, రేకు ఒత్తి చేసిన పాత లగ్గులను సుత్తితో సరిచేసుకునే బాధ తప్పింది. కానీ మొన ఆకారం ఇప్పుడు చెక్కేవాడిది కాదు, అచ్చు గీసినవాడిది. ఈ చిక్కు నుంచి కొందరు తెలివిగా బయటపడ్డారు. 1972లో లండన్‌లోని విట్‌కోంబ్ అంగట్లో పని నేర్చుకున్న అమెరికన్ రిచర్డ్ సాక్స్ తన కంటికి నచ్చిన ఆకారంలో లగ్గులను తనే గీసి పోయించుకున్నాడు, వాటిని ఇతరులకూ అందుబాటులోకి తెచ్చాడు. మరికొందరు పోత లగ్గునే ముడిసరుకుగా తీసుకుని కోసి, రుద్ది, కొత్త ముక్క అతికి గుర్తుపట్టలేనంతగా మార్చేస్తారు. చేతిపని ఫ్రేము అని చెప్పి అమ్మేదాంట్లో నిజంగా చేయి ఎంత పడిందో తెలుసుకోవాలంటే ఆ లగ్గు బజారులో దొరికే రూపంలోనే ఉందా, మారిందా అని చూడాలి. మారకపోతే తప్పేమీ లేదు, కానీ నగిషీకి అదనంగా ధర కట్టకూడదు.

లగ్గు పోయాక

గొట్టాల అంచులనే కరిగించి నేరుగా అతికే టిగ్ వెల్డింగ్ వచ్చి, దానికి తట్టుకునే ఉక్కులు వచ్చాక లగ్గు అవసరం తీరిపోయింది. రేనాల్డ్స్ 1995లో తెచ్చిన 853 ఉక్కు వెల్డింగ్ చేశాక చల్లారుతూ అతుకు దగ్గర ఇంకా గట్టిపడుతుంది. తొడుగు లేకపోతే అలంకారం ఎక్కడ నిలవాలి? కొంత వెల్డింగ్ గీత మీదే నిలిచింది. చక్కగా పడిన వెల్డింగ్ వరసగా పేర్చిన నాణేల్లా సమానమైన అలలుగా ఉంటుంది. లగ్గు లేకుండానే ఇత్తడిని ధారాళంగా పోసి, రెండు గొట్టాల నడుమ మెత్తటి వంపు వచ్చేలా ఆకురాయితో రుద్దే పద్ధతి ఇంకొకటి. అతుకు ఎక్కడుందో కంటికి తెలియకపోవడమే అక్కడ అలంకారం. మిగిలినదంతా రంగులోకి వెళ్లింది. ఇటలీకి చెందిన డారియో పెగొరెట్టి, 2018లో కన్నుమూసేదాకా, టిగ్ వెల్డింగ్ చేసిన తన ఫ్రేముల మీద కుంచెతో, చేతులతో చిత్రకారుడిలా రంగులు వేశాడు. ఆయన బండ్లను అతుకుల కోసం కాక రంగుల కోసం గుర్తుపెట్టుకునేవాళ్లే ఎక్కువ. అతుకుల్లో ఆయన ఎవరికీ తీసిపోడన్న సంగతి ఆ రంగుల కింద మరుగున పడటం కొంత అన్యాయమే.

ఉక్కుకు బదులు టైటానియంతో చేసే ఫ్రేముల్లో ఒక తమాషా ఉంది. ఆ లోహానికి రంగు పూయకుండానే రంగు తెప్పించవచ్చు. విద్యుత్తు పెట్టి పైన ఆక్సైడు పొర పెంచితే, ఆ పొర పైనుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే వెలుతురు కలిసి, పొర మందాన్ని బట్టి నీలం, ఊదా, పసుపు, ఆకుపచ్చ కనిపిస్తాయి. వోల్టేజి మారిస్తే రంగు మారుతుంది. కానీ అదే నీలం వెల్డింగ్ అతుకు పక్కన తనంతట తానే కనిపిస్తే అది దోషం. ఆర్గాన్ వాయువు సరిగా కప్పక, వేడి లోహం గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చి పెళుసుబారిందనడానికి గుర్తు. మంచి అతుకు వెండిలా తెల్లగా ఉండాలి. విమాన, అంతరిక్ష రంగాలకు విడిభాగాలు చేసే చిన్న కర్మాగారాలు ఉన్న బెంగళూరులో ఈ సంగతి తెలిసిన వెల్డర్లకు కొదవ లేదు. సైకిలు కొనేవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. అతుకు దగ్గర ఇంద్రధనుస్సు చూసి అందం అనుకుని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు.

అంబత్తూరు, నల్ల సైకిలు

రేనాల్డ్స్ సంస్థ 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బ్రిటిష్ సంస్థల కూటమిలో చేరింది. అదే కూటమి మురుగప్ప కుటుంబంతో కలిసి 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్‌ను నెలకొల్పింది. అంబత్తూరు కర్మాగారం నుంచి హెర్క్యులిస్, బీఎస్ఏ సైకిళ్లు వచ్చాయి. గొట్టాల కోసం 1955లో ఆవడిలో ట్యూబ్ ప్రొడక్ట్స్ మొదలైంది. అంటే లండన్ అంగళ్లు లేసులా చెక్కిన లగ్గుల్లోకి దూరిన 531 గొట్టానికీ, నెల్లూరు, చిత్తూరు పల్లెల్లో పాలక్యాన్లు మోసిన నల్ల సైకిలుకీ చుట్టరికం ఉంది. సామర్థ్యం కొరవడి ఇక్కడ చేతిపని ఫ్రేములు రాలేదని అనడానికి వీల్లేదు. సైకిలు ఇక్కడ బతుకుతెరువు సాధనం, అక్కడ వారాంతపు పందెపు బండి. ఎవరి ఒంటికి తగ్గ కొలతలతో వాళ్లకు ఫ్రేము చేయించుకోవాలన్న కోరికే ఇక్కడ పుట్టడానికి కారణం లేకపోయింది.

అయినా నల్ల సైకిలు అలంకారం లేనిదేమీ కాదు. నల్ల ఎనామెల్ మీద బంగారు గీతలు, ముందు గొట్టానికి రివిట్లతో బిగించిన ఇత్తడి బిళ్ల, తెల్లగా మెరిసే ఫోర్కు తల కర్మాగారం ఇచ్చేవి. తరవాతదంతా యజమాని చూసుకునేవాడు. హబ్బు చుట్టూ తిరుగుతూ దుమ్ము తుడిచే రంగురంగుల కుచ్చు, హ్యాండిలు చివర్ల వేలాడే ప్లాస్టిక్ పోగులు, చైను పెట్టె మీద పెయింటరు రాసిన పేరు, ఆయుధపూజ నాడు ముందు బిళ్ల మీద గంధం, కుంకుమ. చేసినవాడి అలంకారం అతుకు దగ్గర ఉంటే, వాడేవాడి అలంకారం అతుకులను వదిలేసి మిగతా బండి అంతా పరుచుకుంటుంది. కస్టమ్ ఫ్రేము ఈ రెంటినీ కలుపుతుంది. బిళ్ల మీద ఏం చెక్కాలో యజమాని చెబుతాడు, ఎలా చెక్కాలో చేసేవాడు చూసుకుంటాడు.

చేతులకు ఇక్కడ కొరత లేదు. చెన్నై జార్జిటౌన్‌లోనూ, బెంగళూరు చిక్కపేటలోనూ నగిషీ పని చేసే కంసాలులకు రంపం, ఆకురాయి, టంకం పుట్టుకతో వచ్చినంత సహజం. చెన్నై మౌంట్ రోడ్డు మీద ఒకప్పుడు సినిమా కటౌట్లు రాసిన వృత్తికారుల్లో ఫ్లెక్సీలు వచ్చాక మిగిలినవాళ్లకు లగ్గు అంచు వెంట ఒక మిల్లీమీటరు గీత తెగకుండా లాగడం పెద్ద పని కాదు. కొరత ఉన్నది వీళ్లనీ, గొట్టాల కొలతలు తెలిసినవాళ్లనీ ఒకచోట కూర్చే గిరాకీకే.

ఉప్పుగాలి ముందు ఏ అలంకారం నిలుస్తుంది

యూరప్, అమెరికా ఫొటోలు చూసి ఇక్కడ చేయించుకునేవాళ్లు తప్పటడుగు వేసేది పూత దగ్గర. రంగు వేయకుండా ఉక్కును అలాగే వదిలి, ఇత్తడి అతుకులు బంగారంలా కనిపించేలా పైన పారదర్శకపు వార్నిషు కొట్టించడం ఈ మధ్య బాగా ఇష్టపడుతున్న రూపం. చెన్నైలో అది ఎక్కువ కాలం నిలవదు. వార్నిషుకు ఒక్క గీత పడితే చాలు, గాలిలోని తేమ, ఉప్పు లోపలికి చేరి పూత కింద పురుగు పాకినట్టు సన్నటి తుప్పు గీతలు సాగుతాయి. గాలిలో తేమ 65 శాతం దాటిన చోట్ల ఈ రకం తుప్పు సహజం, సముద్రపు ఒడ్డున ఇంకా వేగం. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, తీరానికి దూరంగా ఉన్న బెంగళూరులో అదే ఫ్రేము కొన్నాళ్లు ఎక్కువ ఓర్చుకుంటుంది, అంతే.

క్రోము పూత అందంగా ఉంటుంది, తుప్పునూ ఆపుతుంది. కానీ పూతకు ముందు చేసే పాలిషింగులో గంటలకొద్దీ చెక్కిన లగ్గు అంచులు గుండ్రబడిపోతాయి, కిటికీ మూలలు అరిగిపోతాయి. ఆసిడ్ స్నానంలో పుట్టే హైడ్రోజన్ బలమైన ఉక్కులోకి చొరబడి పెళుసుదనం తెస్తుంది. పూత వేశాక దాదాపు 190 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచితే ఆ హైడ్రోజన్ బయటికి పోతుంది. బంపర్లకు, గేట్లకు క్రోము వేసే అంగళ్లలో ఈ పని అడిగి చేయించుకోవాలి.

పొడి రంగు చల్లి వేడికి కరిగించే పౌడరు కోటింగు బెంగళూరు పీణ్యలోనూ, చెన్నై అంబత్తూరులోనూ తేలిగ్గా దొరుకుతుంది, చవక, గట్టిది. లగ్గుల ఫ్రేముకు మాత్రం అది శత్రువు. పొర మందం 60 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. వెండి గీతలు, పలచబరచిన అంచులు, కిటికీ మూలలు అన్నీ ఆ పొర కింద మెత్తగా అలుక్కుపోతాయి. సాదా వెల్డింగ్ ఫ్రేముకు పౌడరు, నగిషీ ఉన్న ఫ్రేముకు కార్లకు వేసే తడి రంగు అన్నది ఇక్కడి వాతావరణానికీ, దొరికే సౌకర్యాలకూ సరిపోయే విభజన. తడి రంగు కింద జింకు ఫాస్ఫేటు లేదా ఎపాక్సీ ప్రైమరు తప్పనిసరి. గొట్టాల లోపలి గోడలకు అవిసె నూనె లాంటి ఆరిపోయే నూనె పట్టించాలి, చెన్నైలో అయితే ప్రతి వానాకాలం ముందూ. బయట నగిషీ ఎంత ఉన్నా ఫ్రేమును లోపలి నుంచి తినేది ఈ తేమే.

చేయించుకునేవాళ్లు అడగాల్సింది ఒకటుంది. రంగుకు వెళ్లేముందు, ఫ్లక్సు వేడినీళ్లతో కడిగేసిన తరవాత, ఫ్రేము ఫొటోలు పంపమనాలి. నాలుగు అతుకులనూ రెండు వైపుల నుంచీ, పెడళ్ల ఇరుసు కూర్చునే గుల్ల లోపలి నుంచి కూడా. ఆ గుల్లలోంచి చూస్తే గొట్టాల కోత ఎలా ఉందో కొంత తెలుస్తుంది, లోపలికి వెండి చేరిందో లేదో కనిపిస్తుంది. పేరున్న పనివాళ్లు చాలామంది అడగకుండానే ఈ ఫొటోలు పెడతారు. పెట్టడానికి వెనకాడేవాళ్ల దగ్గర లగ్గు నగిషీకి అదనపు డబ్బు ఇవ్వడం కన్నా, ఆ డబ్బుతో మంచి చక్రాలు కట్టించుకోవడం మేలు.